పిక్కకీ ఒక ఏడాది ఉంటుంది

వజ్రపుకొత్తూరు వైపు జీడితోటలో పెరిగి, తర్వాత కాశీబుగ్గలో చిన్న జీడి పరిశ్రమ నడిపి, ఇప్పుడు రెండూ పిల్లల చేతికి అప్పగించినవాణ్ణి. తోటలో ఉన్నన్నాళ్లూ ఆకాశం చూశాను, పరిశ్రమలో ఉన్నన్నాళ్లూ పప్పు చూశాను. రైతు జీడిపిక్క తూకం వేసి డబ్బు తీసుకోగానే ఆ ఏడాది సంగతి మరిచిపోతాడు. పరిశ్రమవాడికి పిక్క గేటు దాటి లోపలికి వచ్చాకే లెక్క మొదలవుతుంది. మాఘమాసంలో చెట్టు మీద కాసిన ఎండే కార్తీకంలో పప్పులో కనిపిస్తుందన్న మాట ఈ ఇద్దరి మధ్యా జారిపోతోంది.

పలాస జీడిపప్పుకు దేశమంతా పేరుంది. ఆ పేరు పరిశ్రమల వల్లే వచ్చిందని చాలామంది అనుకుంటారు. సగం నిజం. మిగతా సగం జనవరి నుంచి మే దాకా పలాస చుట్టూ ఉన్న మన ఉద్దానం మీద నడిచే వాతావరణానిది. ఇప్పుడు తోటలు, బట్టీలు అందుకుంటున్న పిల్లల కోసం, నేను చూసి నేర్చుకున్నవి వరసగా రాస్తున్నాను.

1. ఎండ ఎంత అని కాదు, ఎప్పుడు అని అడగండి

"ఈ ఏడు ఎండలు మండిపోయాయి, పంట పోయింది" అంటాడొక రైతు. "ఎండలు బాగా కాశాయి, పప్పు తెల్లగా దిగింది" అంటాడు అదే ఊళ్లో ఇంకొకడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకడు ఫిబ్రవరి ఎండ గురించి, ఇంకొకడు మే ఎండ గురించి మాట్లాడుతున్నాడు.

మన జీడిచెట్టు ఏడాది ఇలా నడుస్తుంది. వానలు తగ్గుముఖం పట్టాక అక్టోబరు, నవంబరుల్లో కొత్త చిగురు వేస్తుంది. ఆ చిగుళ్ల కొసల్లో డిసెంబరు చివర నుంచి పూత కనిపిస్తుంది, సంక్రాంతి దాటాక జోరందుకుంటుంది. ఫిబ్రవరి, మార్చిలో పిందె. మార్చి చివర నుంచి మే దాకా పిక్కల రాలుడు. పువ్వు నిలబడిన దగ్గర్నుంచి పిక్క నేల రాలడానికి సుమారు రెండు నెలలు పడుతుంది.

చెట్టంతా ఒక్కసారే పూయదు. ఒకే చెట్టు మీద ఒక కొమ్మకు పూత, పక్క కొమ్మకు పిందె, ఆ పక్కన పండు ఉంటాయి. అందుకే ఒక వారం వడగాలి వీచినా తోటంతా ఒకేలా దెబ్బతినదు. తొలి పూత అప్పటికే గట్టు దాటి ఉంటుంది, మలి పూత మాడిపోతుంది. కిందటేడు, ఈ ఏడు "ఒకే ఎండ" అని థర్మామీటరు చెప్పినా, ఆ ఎండ ఏ వారంలో పడిందన్నదాన్ని బట్టి రెండు వేర్వేరు పంటలు ఇంటికి వస్తాయి. ఈ పాఠం ఒక్కటి ఒంటబడితే మిగతావన్నీ దీన్నించే పుడతాయి.

2. పూతకు ఎండ కావాలి, వడగాలి వద్దు

జీడి పూగుత్తిలో వందలకొద్దీ పూలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం మగపూలు. కాయ కాగల పూలు కొన్నే. వాటిలోనూ చివరిదాకా నిలిచేవి గుత్తికి ఏ నాలుగో అయిదో. అంటే చెట్టు దగ్గర పెద్దగా మిగులు లేదు. పూత వేళ పగలు పొడిగా, వెచ్చగా ఉండి, తేనెటీగలూ చీమలూ తిరిగితే చాలు. ఈ పంటకు కావలసిన మంచి ఎండ అదే.

చెడు రెండు వైపుల నుంచి వస్తుంది. మొదటిది మంచు. సంక్రాంతి రోజుల్లో మన వైపు పొగమంచు పొద్దెక్కేదాకా వీడదు. పూలు తడిసి నల్లబడతాయి. మబ్బు కూడా తోడైతే టీ దోమ విరుచుకుపడుతుంది. లేత గుత్తులను పీల్చేస్తుంది. రెండోది వడగాలి. మధ్యాహ్నం ఉష్ణోగ్రత 34.4 డిగ్రీలు దాటి, గాలిలో తేమ 20 శాతం కన్నా తగ్గితే పూలు ఎండిపోయి దిగుబడి పడిపోతుందని జీడి శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. నా తరం రైతులకు ఆ అంకెలు తెలియవు గానీ, మధ్యాహ్నం తోటలోకి వెళ్తే పెదవులు ఆరిపోతున్నాయా లేదా అన్నది తెలుసు.

ఇక్కడ ఒక పని జాగ్రత్తగా నేర్చుకోండి. పూత మాడిందనగానే మందు కొట్టేస్తున్నారు. ఎందుకు మాడిందో ముందు చూడండి. దోమ పీల్చిన గుత్తి కాడ మీద నల్లటి మచ్చలుంటాయి, పీల్చిన చోట జిగురు ఊరుతుంది. వడగాలికి మాడిన గుత్తికి ఆ మచ్చలుండవు. గోధుమ రంగుకు తిరిగి, చేత్తో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. మొదటిదానికి మందు పనిచేస్తుంది. రెండోదానికి కొట్టిన మందు డబ్బు దండగ, తేనెటీగలకు చావు. తేనెటీగ పోయాక మలి పూతకూ దిక్కుండదు.

3. పిక్క ముందు, పండు తర్వాత

పట్నం నుంచి వచ్చినవాళ్లు తోటలో ఎర్రగా, పసుపుగా వేలాడే పండును చూసి, దాని కింద పిక్క తర్వాత పుట్టిందనుకుంటారు. జరిగేది తలకిందులు. ముందు పిక్క పెరుగుతుంది. పిందె కట్టిన సుమారు నెల రోజులకే అది పూర్తి పరిమాణానికి వస్తుంది, అప్పుడది ఆకుపచ్చగా, మెత్తగా ఉంటుంది. ఆ తర్వాత పెంకు గట్టిపడుతూ, నీరు కోల్పోతూ, కొంచెం కుంచించుకుపోయి బూడిద రంగుకు తిరుగుతుంది. లోపల పప్పు నిండుతుంది. పైనున్న కాడ ఉబ్బి పండయ్యేది ఆఖరి రోజుల్లోనే.

ఈ వరస తెలిస్తే ఏ ఎండ దేన్ని మారుస్తుందో మీకే అర్థమవుతుంది. పిక్క సైజు ఫిబ్రవరి, మార్చిలో తేలిపోతుంది. ఆ రోజుల్లో నేలలో పదును లేక, పైన ఎండ దంచితే చెట్టు నీటిని కాపాడుకోవడానికి ఆకు రంధ్రాలు మూసుకుంటుంది. ఆకు పని ఆగితే పిక్కకు తిండి ఆగుతుంది. కొన్ని పిందెలు రాల్చేస్తుంది, మిగిలినవి చిన్నవిగా ఉండిపోతాయి. ఏప్రిల్‌లో ఎన్ని వానలు పడినా ఆ పిక్క మళ్లీ పెరగదు. పండు మాత్రం ఉబ్బుతుంది. అందుకే "పళ్లు పెద్దగా ఉన్నాయి, పంట బాగుంది" అన్న మాటను నేను ఎప్పుడూ నమ్మలేదు. పండును చూసి పంటను అంచనా వేయకండి.

సైజు అంటే డబ్బు. గుండు పప్పు, అంటే విరగని పప్పు, గ్రేడులన్నీ ఒక పౌండుకు ఎన్ని గుండ్లు తూగుతాయన్న లెక్క మీదే ఉన్నాయి. 240 రకం అంటే పౌండుకు 220 నుంచి 240 గుండ్లు. 320 రకం అంటే 300 నుంచి 320. 450 అంటే 400 పైమాటే. మార్చిలో పిక్క గిడసబారిన ఏడాది, నవంబరులో గ్రేడింగు బల్ల మీద 240 తగ్గి 320 పెరుగుతుంది. ఆ బల్ల దగ్గర కూర్చునే ఆడవాళ్లు గుప్పెట్లోకి తీసుకోగానే "ఈసారి సన్నం" అనేస్తారు. ఎనిమిది నెలల కిందటి వాతావరణాన్ని వాళ్లు చేత్తో చదువుతున్నారు. వాళ్ల మాటకు విలువ ఇవ్వండి.

చేయగలిగింది ఉంది. వానలు వెళ్లగానే చెట్టు పాదులో ఎండుటాకు మందంగా కప్పండి. మన ఇసుక నేలలు పదునును నిలుపుకోలేవు, ఆకు కప్పు నిలుపుతుంది. నీటి వసతి ఉన్నవాళ్లు జనవరి నుంచి మార్చి దాకా పదిహేను రోజులకోసారి చెట్టుకు 200 లీటర్లు పెట్టమని శాస్త్రవేత్తల సలహా. తోటలో ఆకులూడ్చి తగలబెట్టే అలవాటు మాత్రం మానండి. నేలను ఎండకు అప్పజెప్పినట్టవుతుంది.

4. సముద్రం పక్క పిక్క వేరు, కొండ కింది పిక్క వేరు

వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి తీరపు తోటలకు మధ్యాహ్నం సముద్రపు గాలి తగులుతుంది. గాలిలో తేమ అంత తేలిగ్గా పడిపోదు. పూతకు అది రక్ష. అదే గాలి కోత వేళ శత్రువు. పిక్క త్వరగా ఆరదు, ఆరిందనుకున్నది రాత్రికి మళ్లీ తేమ పీలుస్తుంది.

మందస, మెళియాపుట్టి కొండ పల్లెల్లోనూ, టెక్కలి నుంచి లోపలికి వెళ్లిన మెట్టల్లోనూ లెక్క మారుతుంది. అక్కడ పగటి వేడి ఎక్కువ, గాలి పొడి. పూత వేళ వడగాలి కొట్టిందంటే గట్టి దెబ్బే. పూత దాటిందంటే మాత్రం పిక్క చెట్టు కిందే సగం ఎండి ఉంటుంది. కళ్లంలో శ్రమ తక్కువ.

ఈ రెండు పిక్కలనూ ఒకే కుప్పలో పోసి ఆరబెట్టేవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధ కలిగేది. ఒకటి చాలినంత ఎండేసరికి ఇంకొకటి మితిమీరి ఎండుతుంది. ఏ ఊరి పిక్క ఆ ఊరి పేరు మీదే ఉంచండి.

5. రాలినదాన్నే ఏరండి

పండిన పిక్క తనంతట తాను రాలుతుంది. దాన్ని ఏరుకుంటే చాలు. ధర బాగుందనో, దొంగల భయంతోనో, కౌలు గడువు ముగుస్తోందనో కర్రతో కొట్టి దులిపేస్తున్నారు. పప్పు నిండకముందే పెంకు గట్టిపడి ఉంటుంది కాబట్టి పైకి అంతా ఒకేలా కనిపిస్తుంది. లోపల పప్పు ముడతలు పడి, పొట్టు అతుక్కుపోయి ఉంటుంది. ఎంత ఎండబెట్టినా దానికి తీపి రాదు.

నీళ్లలో వేసి చూడండి. నిండిన పిక్క మునుగుతుంది, తాలు పిక్క తేలుతుంది. వేడి ఎక్కువైన ఏడాది తేలే పిక్కలు సహజంగానే పెరుగుతాయి. దానికి దులుపుడు కూడా తోడైతే ఆ ఏడాది సరుకుకు చెడ్డపేరు వస్తుంది. ఆ పేరు ఒక్క రైతుకు రాదు, ఉద్దానం మొత్తానికి వస్తుంది.

పండు గురించి ఒక మాట. రాలిన పండు ఒక్క రోజులో పులిసిపోతుంది. అందుకే మన తోటల్లో చాలావరకు నేలపాలవుతోంది. నారింజలో కన్నా ఎన్నో రెట్లు సి విటమిన్ ఉన్న పండది. గొంతు పట్టేసే ఆ వగరు టానిన్ల వల్ల వస్తుంది, నల్ల ద్రాక్ష తొక్కలో ఉండేవీ టానిన్లే. గోవావాళ్లు ఈ పండు రసాన్నే పులియబెట్టి, కాచి ఫెనీ చేస్తారు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నారు. మనం సారా కాయనక్కర్లేదు. వగరు తీసిన రసం, పాకం, జామ్ చేసే సంఘాలు ప్రతి మండలంలో రావాలని నా కోరిక.

6. కళ్లంలో రెండు మూడు ఎండలు

ఎండను పొగిడే పాఠం ఇది. ఏరిన పిక్కలో తేమ ఎక్కువ. దాన్ని పలచగా పరిచి, రెండు మూడు మంచి ఎండలు చూపించి, అప్పుడప్పుడూ తిరగేస్తూ ఎనిమిది తొమ్మిది శాతం తేమకు దించాలి. ఎండిన పిక్కను గుప్పెట్లో ఆడిస్తే గలగలమంటుంది, గోరు నొక్కితే దిగదు. ఏప్రిల్, మే ఎండ ఇక్కడ మనకు దక్కిన వరం. యంత్రాలు పెట్టి చేయాల్సిన పని మనకు నేల మీద ఉచితంగా జరుగుతుంది.

ఈ రోజుల్లోనే అకాల వానలు వస్తాయి. సాయంత్రం ఒడిశా కొండల మీద మబ్బు కమ్మి, గంటలో గాలివాన. చెట్టు కింద రాలి ఉన్న పిక్క తడిసి రెండు మూడు రోజులు అలాగే పడి ఉంటే పప్పు మీద మచ్చ పడుతుంది. మొలక కూడా మొదలవుతుంది. ఆ మచ్చ తర్వాత ఏ యంత్రానికీ పోదు. వానొచ్చిన మర్నాడు అన్ని పనులూ ఆపి పిక్క ఏరండి. తడిసినదాన్ని పొడిదాంట్లో కలపకుండా వేరే ఆరబోయండి. సిమెంటు కళ్లం లేనివాళ్లు కనీసం టార్పాలిన్ పరవండి, వట్టి మట్టి మీద రాత్రంతా ఉంచితే కిందినుంచి తేమ ఎక్కుతుంది.

7. పిక్కను కోసి చూడండి

వ్యాపారులు కోత పరీక్ష చేస్తారు. బస్తాల నుంచి అక్కడక్కడా తీసిన పిక్కలను నిలువునా రెండుగా కోసి, మంచివెన్ని, మచ్చవెన్ని, తాలువెన్ని అని లెక్క పెడతారు. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందన్నది ఆ లెక్కలో తేలుతుంది. 48 పౌండ్లు దిగితే మంచి సరుకు. కిలోల్లో చూస్తే సుమారు 22.

ఈ పరీక్ష కొనేవాడి ఆయుధంగానే మిగిలిపోవడం నాకు నచ్చదు. రైతు కూడా చేయాలి. కోసిన పిక్క ఆ ఏడాది వాతావరణాన్ని వరసగా చెబుతుంది. పెంకుకూ పప్పుకూ మధ్య ఖాళీ ఎక్కువగా ఉండి పప్పు సన్నగా ఉందంటే మార్చిలో నీళ్లు చాలలేదు. పప్పు నిండుగా ఉండి మచ్చ ఉందంటే కోత వేళ వాన. పప్పు ముడతలు పడి పెంకు మాత్రం బాగుందంటే తొందరపడి దులిపారు. మూడింటికి మూడు మందులు. పాదులో ఆకు కప్పడం, కళ్లం, ఓపిక. ధర దగ్గర బేరమాడేటప్పుడు కూడా, తన సరుకు సంగతి తెలిసిన రైతు నిలబడి మాట్లాడగలడు. కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకోండి. పెంకులోని జీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది.

8. వైన్‌కు వయసు కలిసొస్తుంది, పిక్కకు రాదు

ఐరోపాలో రెడ్ వైన్ సీసా మీద ద్రాక్ష కోసిన ఏడాది అచ్చు వేస్తారు. కొనేవాడు ముందు అదే చూస్తాడు. వెచ్చటి ఏడాది ద్రాక్షలో చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది, తొక్కలోని వగరు మెత్తబడుతుంది. ఆ వైన్ నిండుగా, ఘాటుగా ఉంటుంది. ఎండ మితిమీరితే మాత్రం తీగ కూడా మన జీడిచెట్టులాగే ఆకు రంధ్రాలు మూసుకుని పని ఆపేస్తుంది. 2003 వేసవిలో ఐరోపాను వడగాలులు కాల్చేశాయి. మామూలుగా సెప్టెంబరులో జరిగే ద్రాక్ష కోత ఆ ఏడాది ఫ్రాన్స్‌లో చాలా చోట్ల ఆగస్టులోనే మొదలైంది. పులుపు తగ్గిన వైన్ తొందరగా తాగడానికి బాగుంటుంది గానీ, ఎక్కువ ఏళ్లు నిలవాలంటే వగరుతోపాటు ఆ పులుపు కూడా అండగా ఉండాలి. అంటే సీసాలో ఇరవై ఏళ్లకు ఏం జరుగుతుందన్నది తోటలో ఆ ఒక్క వేసవిలోనే చాలావరకు తేలిపోతుంది.

పిక్క విషయంలోనూ మొదటి సగం ఇంతే. నిల్వలో ఎన్నాళ్లు ఆగుతుందన్నది తోటలోనే తేలుతుంది. నిండి, రాలి, మంచి ఎండకు ఆరిన పిక్క గోదాములో ఏడాది పాటు చెక్కుచెదరదు. వానలో తడిసి అరకొరగా ఆరిన పిక్క ఆగస్టుకే రంగు మారుతుంది.

రెండో సగం దగ్గర దారులు విడిపోతాయి. మంచి వైన్ సీసాలో వయసుతోపాటు రుచి పెంచుకుంటుంది. జీడిపప్పులో సగానికి కాస్త తక్కువ నూనే ఉంటుంది. ఆ నూనెకు గాలి, వేడి, తేమ తగిలితే ముక్క వాసన పడుతుంది. మనం చేయగలిగిందల్లా తోట ఇచ్చిన రుచిని పోకుండా కాపాడటం. పాత పిక్క "మాగింది" అని చెప్పి అమ్మేవాడి మాట వినకండి.

గోదాములో పాటించాల్సినవి పెద్ద విద్యేం కాదు, కానీ ఒక్కటీ తప్పకూడదు. గోనె సంచులు వాడండి, ప్లాస్టిక్ సంచి లోపలి తేమను బయటికి పోనివ్వదు. బస్తాలను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చండి. జూన్ నుంచి అక్టోబరు దాకా మన గాలిలో తేమ ఎక్కువ, వాన రోజుల్లో తలుపులు మూసి, ఎండ రోజుల్లో తెరవండి. మే ఎండకు కాలే రేకుల షెడ్డులో పిక్క పెట్టి బాగుంటుందనుకోవద్దు. చెట్టు మీద మేలు చేసిన వేడే గోదాములో నూనెను పాడుచేస్తుంది.

9. పొడి ఏడాది పిక్కకు వేరే చెయ్యి కావాలి

కాశీబుగ్గ పరిశ్రమల్లో పిక్కను డ్రమ్ములో కాల్చడం పాత పద్ధతి, ఆవిరి మీద ఉడికించడం తర్వాత వచ్చింది. కాల్చిన పప్పుకు ఒక వాసన ఉంటుంది, నాకదే ఇష్టం. ఆవిరి పద్ధతిలో పొగ తక్కువ, పప్పు తెలుపు ఎక్కువ, పనివాళ్ల ఊపిరితిత్తులకు మేలు. ఆ ఒక్క కారణం చాలు, ఆవిరినే సమర్థిస్తాను.

ఏ పద్ధతైనా, బాగా ఎండిన ఏడాది పిక్కను తడి ఏడాది పిక్కలా నడపకూడదు. మరీ పొడిగా ఉన్న పప్పు పెళుసు. పెంకు కొట్టేటప్పుడు గుండు విరిగి బద్దవుతుంది, బద్ద ధర తక్కువ. కాల్చేముందు పిక్క మీద నీళ్లు చల్లి, కుప్పగా కాసేపు ఉంచి, పెంకును పదును చేయాలి. డ్రయ్యర్ నుంచి వచ్చిన పప్పులో తేమ మూడు శాతానికి పడిపోతుంది, పొట్టు తేలిగ్గా వస్తుంది. పొట్టు తీశాక వెంటనే గ్రేడింగుకు కుమ్మరించకుండా, అయిదు శాతం దాకా తేమ పట్టనివ్వాలి. లేకపోతే బల్ల మీదే విరుగుతుంది. ఏటా ఏప్రిల్‌లో కొత్త పిక్క రాగానే చిన్న మోతాదు నడిపి చూసి, ఆ ఏడాదికి మంట ఎంత, సమయం ఎంత అన్నది తేల్చుకోండి. కిందటేటి లెక్క ఈ ఏటికి అప్పుగా తెచ్చుకోవద్దు.

10. తిత్లీ తర్వాత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అయిదేళ్ల ముందు, 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర దాటి మన ఉత్తర మండలాలను కుదిపింది. రెండూ అక్టోబరులోనే, అంటే సరిగ్గా కొత్త చిగురు వేసే వేళ. తిత్లీకి కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. తాతల నాటి గొడుగుల్లాంటి చెట్లు పడిపోయాక, ఎన్నడూ ఎండ చూడని నేల మీద ఎండ పడింది.

మళ్లీ వేసిన అంటు మొక్కలు మూడో ఏట కాపుకొస్తాయి గానీ నిండు కాపుకు ఎనిమిది, పదేళ్లు పడుతుంది. ఈ లేత తోటలకు ముసలి చెట్టు వేరు లోతు లేదు, నీడ లేదు. అదే ఫిబ్రవరి ఎండ పాత తోట కన్నా వీటిని గట్టిగా తాకుతుంది. అందుకే తిత్లీకి ముందటి అనుభవాన్ని యథాతథంగా ఇప్పటి తోటలకు అన్వయించకండి. సముద్రం వైపు సరుగుడు వరసలు వేయండి. అంటు మొక్కలు నమ్మకమైన చోట కొనండి. బాపట్ల జీడి పరిశోధన కేంద్రం ఇచ్చిన బీపీపీ-8 పిక్క ఎనిమిది గ్రాములు తూగుతుంది, పప్పు 210 గ్రేడుకు వస్తుంది. అలాగని తోటంతా ఒకే రకం వేయకండి. త్వరగా పూసేవి, ఆలస్యంగా పూసేవి కలిపి వేస్తే ఏ వారం వడగాలికైనా సగం పంట తప్పించుకుంటుంది. మన పాత పిక్క మొలకల తోటలు నిలబడింది ఈ కలగలుపు వల్లే. మిగిలిన ఆ పాత చెట్లలో మంచి కాపు ఉన్నవాటిని నరక్కండి, వాటి నుంచి అంట్లు కట్టించండి.

11. ఏడాది రాయండి

మన పంట పరిశ్రమలకు చాలక ఆఫ్రికా పిక్క దిగుమతి అవుతోంది. ఐవరీ కోస్ట్, బెనిన్, ఘనా వైపు కోత దాదాపు మన కోత వేళే. టాంజానియా, మొజాంబిక్‌లలో అక్టోబరు నుంచి. ఆ పిక్క వల్ల వేలమంది ఆడవాళ్లకు ఏడాది పొడవునా పని దొరుకుతోంది, దాన్ని వద్దనను. ఆ పిక్కకు తన నేల, తన ఎండ ఉన్నాయి. ఓడలో వారాల తరబడి ప్రయాణించి వచ్చిందన్న సంగతీ ఉంది. దాన్ని ఉద్దానం పిక్కతో కలిపి ఒకే పేరున అమ్మినప్పుడు రెండింటికీ అన్యాయం జరుగుతుంది. మార్చిలో పాదులు కప్పి, వాన మర్నాడు పరిగెత్తి ఏరిన రైతు శ్రమ ఆ కుప్పలో కనబడకుండా పోతుంది. అతనికి ఒక్క రూపాయి ఎక్కువ రాదు. వచ్చే ఏడాది అతను ఎందుకు కష్టపడాలి?

తోట పిల్లలకు నేను చెప్పేది: బస్తా మీద ఊరు, ఏరిన నెల రాయండి. ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టి, పూత ఎప్పుడు మొదలైంది, మంచు ఎన్నాళ్లుంది, వడగాలి ఏ వారం, వాన ఏ రోజు అని రాయండి. పరిశ్రమ పిల్లలకు: ఆ రాతను చెరపకండి. కోత పరీక్ష ఫలితంతోపాటు దాచండి, పప్పు పొట్లం మీద కోత ఏడాది, ఊరు వేయండి, మంచి సరుకుకు మంచి ధర ఆ రాత చూసి ఇవ్వండి. పలాస స్టేషన్లో రైలు దిగి కాశీబుగ్గ దుకాణాల్లో పప్పు కొనుక్కెళ్లే మీరు కూడా, ధర అడిగేముందు "ఏ ఊరి పిక్క, ఏ ఏటిది?" అని అడగండి.